కంచె దగ్గర ఆగిన ట్యాంకులు

బరంపురం తెలుగు ఇళ్లలో పిల్లలకు యుద్ధమంటే తెర మీద చూసిందే. గోపాల్‌పూర్‌లో సైన్యం వాయు రక్షణ కళాశాల అంత దగ్గరున్నా అంతే! తెర మీద తుపాకీ ఆగకుండా పేలుతుంది, నిజానికి ఏకే-47 మ్యాగజీన్‌లో (తూటాల పెట్టెలో) 30 తూటాలే. నిమిషానికి 600 చొప్పున, ట్రిగ్గర్ నొక్కిపట్టితే 3 సెకన్లలో ఖాళీ. తెర మీద లాగా గ్రెనేడ్ పిన్ను పళ్లతో లాగితే పళ్లే ఊడతాయి, దాని కొసలు వంచి ఉంటాయి మరి.

1971లో పాకిస్తాన్‌తో యుద్ధం, రాజస్థాన్ సరిహద్దులోని లోంగేవాలా శిబిరంలో మనవాళ్లు సుమారు 120 మంది. ముళ్లకంచె చూసి మందుపాతరలున్నాయేమోనని శత్రు ట్యాంకులు ఆగాయి. విలువైన చీకటి కరిగిపోయింది. మన వాయుసేన హంటర్ విమానాలకు రాత్రి దాడి చేసే సాధనాల్లేవు, తెల్లవారాకే జైసల్మేర్ నుంచి లేచి ట్యాంకుల్ని వేటాడాయి. మనవైపు ప్రాణాలు పోయింది ఇద్దరివే. తెర మీద మాత్రం శవాల గుట్టలు. అంతమందిని బతికించుకున్న ఆ రాత్రి ఓపిక వీరత్వం కాదా? నాకు బాధ అక్కడే.