తాడిపత్రిలో పైకి లేవని గోపురాలు

అనంతపురంలో పొద్దున్నే ఎక్కిన బస్సు దారిలో చెడిపోయి గంటన్నర ఆగింది. తాడిపత్రిలో దిగాక ఆటో అతను పెన్న ఒడ్డు దాకా నూట యాభై అడిగాడు, బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను. తీరా బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి చేరేసరికి మధ్యాహ్నం తలుపులు వేసేశారు, మళ్ళీ నాలుగింటికే అన్నారు. ఒళ్ళు మండిపోయింది.

వెళ్ళడానికి చోటు లేక గోపురం నీడలో కూర్చున్నాను, మూడు గంటలు అక్కడే ఉండిపోయాను.

మామూలుగా గోపురం చూడాలంటే మెడ వెనక్కి వంచాలి కదా. అడుగున రాయి కాస్త సాదాగా ఉంటుంది, బొమ్మలన్నీ పైన ఇటుక, సున్నంతో కట్టిన అంతస్తుల్లో ఉంటాయి. ఇక్కడ ఆ పై అంతస్తులే లేవు. 1490, 1509 మధ్య, విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని రామలింగ నాయుడు కట్టించిన గుడి ఇది, గోపురాలు మాత్రం పూర్తి కాలేదు. కానీ ఉన్న ఆ రాతి భాగంలో అరచేయంత ఖాళీ వదల్లేదు. తీగలు, సింహం లాంటి ఊహా మృగాలైన యాళులు, బుల్లి గూళ్ళు, వాటికి మళ్ళీ బుల్లి స్తంభాలు, ద్వారం పక్కన మకరం మీద నిలబడి తీగ పట్టుకున్న స్త్రీ. ఇంత గట్టి రాతిలో ఆకు అంచు ఇప్పటికీ వేలికి పదునుగా తగులుతోంది. భారతీయ వాస్తు చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గుసన్ 19వ శతాబ్దంలోనే ఈ చెక్కడాన్ని అంతలా ఎందుకు మెచ్చుకున్నాడో దగ్గర కూర్చుంటేనే తెలిసింది.

మా గుంటూరు ఇంటి వసారాలో పరిచినవి తాడిపత్రి బండలే. ఎండాకాలం రాత్రుళ్ళు నీళ్ళు చల్లి వాటి మీదే పడుకునేవాళ్ళం. నాన్న చదరం లెక్కన బేరమాడి కొన్న బండలవి. ఈ ఊరంటే నాకు ఇన్నాళ్ళూ ఆ నున్నటి నల్ల రాయే, రాతితో ఇంత పని కూడా ఇక్కడే జరిగిందని నలభై ఏళ్ళు వచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు, ఆ బాధ మాత్రం గట్టిగానే ఉంది.

నాలుగింటికి లోపలికెళ్ళి, లింగం దగ్గర ఊరే బుగ్గ నీళ్ళు చూసి దణ్ణం పెట్టుకున్నాను. ఊళ్ళోనే ఉన్న చింతల వెంకటరమణుడి గుడిలో రాతి రథాన్ని ఆదరాబాదరాగా చూశాను, దానికి ఇంకో రోజు పెట్టుకోవాలి. ఆఖరి బస్సుకి ఇంకా టైముందని తెలిసి మళ్ళీ ఆ గోపురం దగ్గరికే వెళ్ళాను. ఎండ పక్కనుంచి పడి, మధ్యాహ్నం కనిపించని చిన్న చిన్న బొమ్మలు అప్పుడు బయటపడ్డాయి.