కోనాం (వంజరం చేప) వేటకి రావాలంటే ఏప్రిల్ 15 లోపే రండి

మా పిన్ని కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. మే రెండో వారంలో నలుగురు స్నేహితులతో వైజాగ్ వస్తున్నాడట, ఒక బోటు మాట్లాడి పెట్టమన్నాడు. "డబ్బు సంగతి ఆలోచించకన్నయ్యా, లోపలికంటా వెళ్ళి పెద్ద చేప పట్టాలి" అన్నాడు. మేలో కుదరదన్నాను. వాడు నొచ్చుకున్నాడు. వేసవి వచ్చిందంటే ఇలాంటి ఫోన్లు చుట్టాల నుంచీ, పాత విద్యార్థుల నుంచీ వస్తూనే ఉంటాయి. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, తూర్పు తీరమంతా వేట నిషేధం. 2015కి ముందు ఇది మే 31తో ముగిసేది, 47 రోజులే ఉండేది. ఫిషింగ్ హార్బర్‌లోని మరబోట్లే కాదు, జాలరిపేట ఇసుకలో కనిపించే ఫైబర్ బోట్లు కూడా మోటారు బిగించి ఉంటే ఈ నిషేధం కిందకే వస్తాయి. మోటారు లేని తెప్పలకి మాత్రం మినహాయింపు.

"సరదాకి గాలం వేసేవాళ్ళం, నాలుగు చేపలు పడితే సముద్రం ఖాళీ అయిపోతుందా?" అని అడుగుతారు. నేను జువాలజీ చెప్పేవాణ్ణి కాబట్టి ముందు చేప వైపు నుంచే చెప్తాను. ఈ నెలల్లో చాలా రకాల చేపలు గుడ్లతో ఉంటాయి. ఏప్రిల్ మొదట్లో మా ఇంట్లో కానాగంత చేపలు కోస్తే ఎన్నోసార్లు పొట్ట నిండా గుడ్లే. అలాంటప్పుడు ఒక పెద్ద కోనాంని పైకి లాగితే పోయేది ఒక్క చేప కాదు. ఇక మనిషి వైపు చూడండి. మనల్ని తీసుకెళ్ళాల్సిన బోటు మనిషి రెండు నెలలు సంపాదన ఆపుకుని, ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేలకి పెరిగింది, రెండు నెలల ఇంటి ఖర్చుకి అదే ఆధారం. నిషేధంలో దొరికితే బోటూ చేపా రెండూ పట్టుకుంటారు, జరిమానా వేస్తారు, ప్రభుత్వం నుంచి వచ్చేవి ఆగిపోతాయి. మన ఒక్క పూట ఉత్సాహం కోసం ఆయన్ని ఆ ప్రమాదంలోకి నెట్టమని నేను అడగలేను. ఎవరైనా నిషేధంలో కూడా దొంగచాటుగా తీసుకెళ్తామంటే వెళ్ళకండి.

మరి ఎప్పుడు రావాలి? మార్చి మొదలుకొని ఏప్రిల్ రెండో వారం దాకా. ఎండ అప్పటికే చుర్రుమంటుంది గాని తెల్లవారుజామున సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఇంకో కారణం నాకు మరీ ఇష్టమైనది. ఆ రోజుల్లో తీరం పొడవునా నైరుతి నుంచి గాలి వీస్తుంది. ఆ గాలికి, భూమి తిరగడానికి కలిపి పై నీరు ఒడ్డు నుంచి లోపలికి జరుగుతుంది, దాని చోటులోకి అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో పోషకాలు ఎక్కువ. వాటితో నాచు పెరుగుతుంది, దాని కోసం కవ్వళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు గుంపులు కడతాయి, వాటి వెనకాల కోనాం వస్తుంది. 1950ల్లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, మన తీరంలో నీళ్ళు ఇలా పైకి రావడం మీదే పనిచేశారు. ఎర్రటి ఎండలో రుషికొండ దగ్గర నీళ్ళలోకి దిగితే ఒక్కోరోజు కాళ్ళు జివ్వుమనడం వెనక ఉన్నది ఇదే.

ఈ మార్చిలో వెళ్ళిన వేట సంగతి చెప్తాను. బోటు మా పెద్దాయనది. ఆయనతో నా స్నేహం పాతది, ఆయన పెద్దబ్బాయి మా కాలేజీలో చదివాడు. ఆయన దగ్గర చెప్పులు బోటెక్కవు, అవి ఒడ్డునే. మూడున్నరకి అందరం ఇసుకలో ఉన్నాం. మోటారు తగిలించి, ఐసు నింపుకుని సిద్ధంగా ఉన్నా పెద్దాయన కదల్లేదు. చీలమండల లోతు నీళ్ళలో నిలబడి చీకట్లోకి చూస్తున్నాడు. పెద్ద అలలు వరసగా వస్తాయి, ఆ వరస అయ్యాక కాసేపు తెరిపి. ఆ తెరిపి కోసం చూపు. "మాస్టారూ, ఇంకా నేదు... ఇంకా నేదు... ఎల్దుము!" అన్నాడో లేదో నలుగురూ భుజాలిచ్చి తోశారు, నేను ఎగిరి లోపల పడ్డాను. మోటారు అందుకునేలోపు ఒక అల ముందు భాగాన్ని పైకెత్తి దబ్బున వదిలింది. తర్వాత అంతా నున్నగా సాగింది.

వెనక బీచ్ రోడ్డు దీపాలు ఒక గీతలా కనిపించాయి. కుడిచేతి పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ తిరుగుతోంది. లంగరేసిన ఓడల్ని దూరంగా తప్పించుకుంటూ పోయాం. వాటి నీడన చేప చేరుతుందని అందరికీ తెలుసు, కానీ పెద్దాయన అటు పోనివ్వడు. ఇది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, సముద్రంలో ఎవరైనా ఆపి అడగవచ్చు. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో ఉంచుకోండి.

తెల్లవారుతుంటే రాతి నేల ఉన్న చోటికి చేరాం. లోతు ఇరవై బారలు. జీపీఎస్ ఉంది, అయినా పెద్దాయన రెండు కొండలు చూస్తాడు. డాల్ఫిన్స్ నోస్ అంచు వెనకాలి కొండ మెడకి ఎక్కడ ఆనుతుందో ఒక చూపు, ఉత్తరాన భీమిలి వైపు కొండ మీద ఇంకో చూపు. ఆ రెండు చూపులూ కలిసిన చోట ఆగమన్నాడు. తర్వాత నేను పరికరం తెరమీద చూస్తే అదే చోటు. ఈ విద్య ఆయనకి తండ్రి నుంచి వచ్చింది. నాకు తెలిసిన ఏ ల్యాబ్ పనికన్నా ఇది తక్కువ కాదని నా నమ్మకం.

అక్కణ్ణుంచి గాలాలు వదిలి మెల్లగా ఈడ్చుకుపోయాం. చివర గజం పొడవు స్టీలు తీగ ఉండాలి, లేకపోతే కోనాం పళ్ళకి నైలాను తెగిపోతుంది. ఎరగా కవ్వ. కోనాం తరచూ ఎరని తోక వైపు నుంచి కొరుకుతుంది కాబట్టి వెనక ఇంకో కొక్కెం. నా చేతిలో రీలూ కర్రా. పెద్దాయనకి అవేవీ వద్దు, సైకిల్ ట్యూబు ముక్కలు వేళ్ళకి తొడుక్కుని చేత్తోనే తాడు పట్టుకుంటాడు. ఎన్నిసార్లు వెళ్ళినా ఆయన అడిగే మాట ఒకటే: తాడు చేతికి చుట్టుకోలేదు కదా? 2025 జూలైలో పూడిమడక నుంచి వేటకి వెళ్ళిన ఒక మత్స్యకారుణ్ణి గాలానికి పడ్డ కొమ్ము కోనాం (ఈటెలాంటి ముక్కుండే మార్లిన్ చేప) నీళ్ళలోకి లాగేసింది. ఈ తీరంలో ఆ సంగతి తెలియని బోటు లేదు.

మొదటి కోనాం నా రీలుకే పడింది. ముందు ఏ సూచనా లేదు, రీలు ఒక్కసారిగా కేక పెట్టింది. మొదటి పరుగులో ఆపకూడదు, పోనివ్వాలి. ఆగాక చుట్టాలి, మళ్ళీ పరుగెడితే మళ్ళీ పోనివ్వాలి. భుజం మంట పుట్టేదాకా అదే పని. పక్కకి వచ్చాక నీళ్ళలో వెండి పళ్ళెంలా మెరిసింది. పెద్దాయన కొక్కెం వేసి లోపలికి తీశాడు. ఆరు కిలోలు ఉంటుందన్నాడు. నాకు మాట రాలేదు.

ఇంకా లోపలికి పోతే ఆకుపచ్చగా ఉన్న నీరు నీలమైంది, నీలం నల్లబడింది. ఒకచోట పక్షులు నీళ్ళ మీదికి దూకుతున్నాయి. కింద సూరలు, అంటే ట్యూనా చేపలు. అవి పడటం మొదలైతే ఎవరికీ తీరిక ఉండదు, అయినా ఒక పని మాత్రం వెంటనే చెయ్యాలి. సూర మిగతా చేపల్లా కాదు, ఈదేటప్పుడు కండల్లో పుట్టిన వేడిని ఒంట్లోనే నిలుపుకుంటుంది. గింజుకుని గింజుకుని పైకి వచ్చినప్పుడు లోపల వేడెక్కి ఉంటుంది. అలాగే ఎండలో వదిలేస్తే మాంసం రంగు పోయి, ఉడికినట్టు పాలిపోతుంది. అందుకని పైకి రాగానే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, ఐసులో సముద్రపు నీళ్ళు కలిపిన డబ్బాలో ముంచాలి. ఐసు ముక్కల మీద పడుకోబెట్టడం కన్నా ఆ నీళ్ళలో ముంచితే తొందరగా చల్లబడుతుంది. మన రేవుల్లో సూరకి రావాల్సిన ధర రాకపోవడానికి ఈ ఒక్క పనిలో జరిగే ఆలస్యం పెద్ద కారణమని నేను అనుకుంటాను. పెద్దాయన కొడుక్కి ఈ సంగతి చెప్పి, డబ్బా నేనే కొనిచ్చాను. ఇప్పుడు వాళ్ళ సూరలు వేలం పాటలో విడిగా పలుకుతున్నాయి. ఆ సంగతి ఆయన చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం కోనాం పట్టినప్పటిదానికి తక్కువేమీ కాదు.

పదిన్నరకే వెనక్కి తిరిగాం. ఎండాకాలం మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లేస్తుంది, చిన్న చిన్న అలలు బోటుని ఒకటే కుదుపుతాయి. సాయంత్రం పూట పడమర కొండల మీద మబ్బు పడితే నిమిషాల్లో ఈదురుగాలి. అందుకే తెల్లవారుజాము వేట తప్ప ఇంకో వేళ వద్దు.

తెచ్చుకోవాల్సినవి: నిండు చేతుల చొక్కా, తలకి తువ్వాలు, ఒక్కొక్కరికి కనీసం మూడు లీటర్ల నీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ. వాంతులయ్యేవాళ్ళు ముందు రాత్రే డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవాలి, ఖాళీ కడుపుతో రాకూడదు, రెండిడ్లీలు తిని రావాలి. బోటులో చూపు దూరంగా ఉన్న కొండ మీద పెట్టాలి, ఫోన్ మీద కాదు. లైఫ్ జాకెట్ వేసుకోనంటే నేనే దింపేస్తాను. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 అందరి ఫోన్లలోనూ ఉండాలి. లోపలికంటా పోయాక సెల్ సిగ్నల్ ఉండదు కాబట్టి వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు ఉన్న బోటే ఎక్కాలి.

జూన్ 15న వేట మళ్ళీ మొదలవుతుంది కదా, అప్పుడు రావచ్చా అని అడుగుతున్నారు. అప్పటికి నైరుతి గాలి బలపడి ఉంటుంది, అల పెద్దది. పెద్దాయన వాళ్ళు వెళ్తారు, అది వాళ్ళ బతుకుతెరువు. అలవాటు లేనివాళ్ళని ఆ అలలో ఆయన ఎక్కించుకోడు, నేనూ అడగను. వచ్చే మార్చికి రాదలచుకున్నవాళ్ళు ఫిబ్రవరిలోనే చెప్పండి. ఒక్క బోటు, నాకు కాక ముగ్గురికే చోటు. పడిన చేప బోటుది, మనకి కావలసినది ఆ రోజు ధర ఇచ్చి కొనుక్కోవాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని తీసుకురాకండి.