పుర్రచెయ్యి

మా చిన్నోడిది పుర్రచెయ్యి. రాసేది, బ్యాటు పట్టేది, తలుపు తీసేది అన్నీ ఎడమ చేత్తోనే. ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో వాడు ఎడమ చేత్తో ఇడ్లీ తుంచుతుంటే పోచంపల్లి నుంచి మా అమ్మ కేకేస్తుంది: "ఆ చెయ్యి తియ్యి బిడ్డా, తిండి మీదనా!" మాకు తొమ్మిదైతే ఆమెకు మధ్యాహ్నం రెండున్నర. నేనేమీ అనను. వాడి వాటం మార్చొద్దని డాక్టరు చెప్పాడు. ఎడమచెయ్యి పట్టింపు మా అమ్మ తరంతో పోతుందిలే అనుకున్నాను. పోదని ఘనాలోని బొన్వీరె అనే ఊళ్లో తెలిసింది.

మేముండేది ఘనాలో, తేమాలో. ఆరేళ్లయింది. ఘనా మొదటి అధ్యక్షుడు ఎన్‌క్రుమా కాలంలో గీసి కట్టిన రేవు పట్నం ఇది. గ్రీనిచ్ రేఖ ఈ ఊరి మీదుగానే పోతుంది. మావారి ఉద్యోగం రేవు దగ్గర. పిల్లలకు ఘనా అంటే స్కూలు, రాజధాని అక్రాలో మాల్, నెలకోసారి మనవాళ్ల పార్టీ. ఆ పార్టీల్లో "వీళ్లు" అనే మాట ఒకటి తిరుగుతుంటుంది. వీళ్లకి టైమంటే లెక్కలేదు, వీళ్లని నమ్మకూడదు అంటూ ప్లేట్లో బిర్యానీ పెట్టుకుని మాట్లాడుకుంటారు. నేనూ తలూపిన రోజులున్నాయి. ఓ రోజు మా ఇంట్లో పనిచేసే ఆవిడ పావుగంట ఆలస్యంగా వస్తే, మా పదకొండేళ్ల పెద్దది అచ్చం అదే గొంతుతో "వీళ్లింతే" అంది. తిట్టడానికి నోరు రాలేదు. అది నేర్చుకున్నది మా దగ్గరే.

ఈస్టర్ సెలవుల్లో కుమాసీ వైపు వెళ్దామన్నది నేనే. మావారి ఆఫీసులో పనిచేసే ఒకాయనది ఆ పక్క ఊరే. పిల్లలు ఆయన్ని వోఫా అంటారు, అంటే మేనమామ. ఆయన జాతి అకాన్, వాళ్లలో వంశం తల్లి వైపు నుంచి లెక్క. పాత పద్ధతిలో మేనమామ ఆస్తి మేనల్లుడికే వెళ్లేది. వీలునామా లేకపోతే భార్యాపిల్లలకు పెద్ద వాటా దక్కేలా 1985లో చట్టం వచ్చింది. ఇదంతా ఆయనే చెప్పాడు, కారులో, దారి పొడుగునా. తేమా నుంచి కుమాసీ రెండువందల యాభై కిలోమీటర్ల పైనే. న్సవాంలో రొట్టె కొనకుండా ఆ దారిన ఎవరూ పోరట. మేమూ కొన్నాం.

బొన్వీరె కుమాసీకి ఇరవై కిలోమీటర్ల లోపే. కెంతే బట్టకు పుట్టిల్లని చెప్పుకుంటారు. ఆ నేతపనిని 2024 డిసెంబరులో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. కారు ఆగీ ఆగకముందే కుర్రాళ్లు చుట్టుముట్టారు. పేరేంటి, పేరు నేసి ఇస్తాం, చేతికి కట్టుకోవచ్చు. నాకు కొత్తేం కాదు. పోచంపల్లి సెంటర్లో బస్సు దిగిన హైదరాబాదు వాళ్లను మా ఊరి ఏజెంట్లు ఇలాగే పట్టుకునేవారు.

తప్పు నేనే చేశాను, అదీ అన్నీ తెలిసిన దాన్ని. షెడ్డులో వరసగా మగ్గాలు. ఆ టకటక చెవిన పడగానే ఒళ్లు తెలియలేదు. ఫోన్ తీసి, దగ్గరున్న పెద్దాయన వేళ్ల మీదికి జూమ్ చేశాను. ఆయన మగ్గం ఆపేశాడు. కోపంగా చూడలేదు, అసలు చూడనే లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడంతే.

వోఫా నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "ముందు పలకరింపు." కుడి చివర కూర్చున్నవాళ్ల దగ్గర మొదలుపెట్టి ఎడమకు వెళ్తూ ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి "మాహా" అనాలి. మధ్యాహ్నపు పలకరింపు అది. కూర్చున్నాకే మంచినీళ్లు వస్తాయి, నీళ్లు తాగాక ఏ పని మీద వచ్చారని అడుగుతారు. దాన్ని అమన్నె అంటారు. పని చెప్పేది అప్పుడు. ఫోన్ ఆ తర్వాత, అడిగి.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఇంటికి ఇలాగే ఒక గుంపు వచ్చింది. మా అమ్మ ఆసు పోస్తోంది, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతోంది. జుట్టు ముడి ఊడిపోయి, చెమటతో, చీర కొంగు నడుముకు దోపుకుని ఉంది. ఒకాయన గడప దాటి లోపలికొచ్చి మూడు ఫొటోలు తీశాడు. రోజుకెంత వస్తుందని అడిగాడు. నాయిన లోటాతో నీళ్లు తెస్తే వద్దని, సీసా నీళ్లు తాగాడు. చాలా ఏళ్లపాటు మా అమ్మ ఉన్నట్టుండి అనేది: "నా ఫొటో ఏడ బెట్టుకున్నడో ఏమో, తల గూడ దువ్వుకోలే." ఆ మనిషిని ఇన్నాళ్లూ మనసులో తిట్టుకున్న నేనే బొన్వీరెలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

మళ్లీ మొదలుపెట్టాం. చివర్నుంచి అందరికీ మాహా చెప్పి, ఆఖరికి పెద్దాయన దగ్గరికొచ్చాం. ఎవరమ్మా మీరంటే, సాలెవాళ్ల పిల్లనని వోఫా చేత చెప్పించాను. ఆయన పక్కకు జరిగి ముక్కాలి పీట చూపించాడు.

అక్కడి మగ్గం మా గుంటమగ్గం లాంటిది కాదు. కర్రల చట్రం మధ్య మనిషి కూర్చుంటాడు. కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య తాళ్లు. వాటితోనే పడుగు పైకీ కిందికీ కదులుతుంది. పడుగు ఎదురుగా గజాల దూరం సాగి, చివర ఒక రాతికి కట్టి ఉంటుంది. నేత సాగేకొద్దీ ఆ రాయి నేల మీద ఇంతింత ముందుకు జరుగుతుంది. చిన్నోడు దాని పక్కనే గొంతుక్కూర్చుని "కదిలింది! మళ్లీ కదిలింది!" అని లెక్కపెట్టాడు. బట్ట వెడల్పు నా నాలుగు వేళ్లకు కాస్త ఎక్కువ. అలాంటి పట్టీలు ఇరవై పైన కలిపి కుడితే మగవాళ్లు భుజాన వేసుకునే బట్ట అవుతుంది. పాతరోజుల్లో ఓడల్లో వచ్చిన పట్టుబట్టలు కొని, పోగు పోగూ విప్పి, ఆ దారంతో నేసేవాళ్లట. మాకైతే నేసిన గుడ్డను విప్పడమంటే ఏడుపే.

పేర్లు వింటుంటే మా ఆయనకు కూడా ఆసక్తి పుట్టింది. ఖాళీ లేకుండా నింపిన ఒక నేతకు పేరు అద్వినాసా. 'నాకున్న పనితనమంతా అయిపోయింది' అని. ఇంకొకటి ఎన్‌క్రుమాకు ఈజిప్టు నుంచి వచ్చిన భార్య పేరిట, 'ఎన్‌క్రుమాకు ఫాతియా తగింది' అని. 1966లో ఆయన్ని దించేశాక అదే బట్టకు 'ఒక్కడే దేశాన్ని ఏలడు' అని పేరు మార్చారు. నేత అదే, రంగులూ అవే.

పెద్దది మగ్గం మీద కూర్చుంటానంది. ఆడవాళ్లు నేయకూడదన్న కట్టుబాటు ఉండేదని, ఇప్పుడు కొందరు నేస్తున్నారని పెద్దాయన చెప్పి, కుర్రాళ్ల వైపు చూసి, సరే కూర్చోమన్నాడు. "అదేం రూల్?" అని అది నా మీద లేచింది. మా ఇంట్లోనూ మగ్గం నాయినదే. ఆసు, కండెలు అమ్మవి. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ బాధ చూడలేక ఆసు యంత్రం చేసేదాకా ఊళ్లో ఆడవాళ్లందరికీ భుజం నొప్పే. మా అమ్మకు ఇప్పటికీ కుడి చెయ్యి తల పైకి లేవదు. ఆ మాట దానికి చెప్పాను. బొన్వీరె మీద లేచిన కోపం కాస్త పోచంపల్లి మీదికి మళ్లింది. మళ్లనీ.

పిల్లలు ఏ వారం పుట్టారని పెద్దాయన అడిగాడు. అక్కడ పుట్టిన వారమే పేరు. నక్షత్రం అడిగితే పాదంతో సహా చెబుతాను, వారం మాత్రం గుర్తులేదు. ఫోన్లో వెతికి చూస్తే పెద్దది శుక్రవారం, చిన్నోడు బుధవారం. అంటే ఇది అఫియా, వాడు క్వాకు. షెడ్డంతా నవ్వింది. వాళ్ల కథల్లో జిత్తులమారి సాలీడు పేరు క్వాకు అనన్సే. కెంతే కూడా ఇద్దరు వేటగాళ్లు సాలెగూడు చూసి నేర్చుకున్నదే అంటారు. సాలెవాళ్ల మనవడికి సాలీడు పేరు!

బేరం దగ్గర ఇంకో పాఠం. రెండు పట్టీలకు ఆయన చెప్పిన ధర నోరెత్తకుండా ఒప్పుకున్నాను. నేతగాడి కూతురు బేరమాడుతుందా అని నా గొప్ప. ఆయన మొహం చిన్నబోయింది. "తె సో అనవా?" అన్నాడు వోఫా. తగ్గించమని అడగడం. బేరం లేకుండా డబ్బు పడేస్తే కూర్చుని మాట్లాడే ఓపిక లేదని అర్థమట. తె సో అన్నాను. ఆయన కాసేపు పైకి చూశాడు, కాస్త తగ్గించాడు, చివర్లో ఒక చిన్న పట్టీ ఊరికే ఇచ్చాడు. ఇక్కడి డబ్బు పేరు సెడి, ఆ మాట గవ్వలోంచి పుట్టిందని అప్పుడే తెలిసింది. చిల్లిగవ్వ కూడా లేదంటామే, ఆ గవ్వే.

డబ్బు ఇవ్వమని చిన్నోడి చేతికిచ్చాను. వాడు ఎడమ చేత్తో చాచాడు.

పెద్దాయన తీసుకోలేదు. వాడికి అర్థం కాక ఇంకా ముందుకు చాచాడు. వోఫా వాడి చెవిలో ఏదో అన్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నోటు కుడి చేతిలోకి మార్చి "సారీ ఫర్ ద లెఫ్ట్" అన్నాడు. అక్కడ అందరూ అనే మాటే అది, స్కూల్లో విని ఉంటాడు. పెద్దాయన అప్పుడు తీసుకుని, వాళ్ల భాష ట్వీలో ఒక సామెత చెప్పాడు. నాన్న ఊరికి దారిని ఎడమ చేత్తో చూపకూడదని.

"నేను లెఫ్టీని," అన్నాడు వీడు, ఏడుపు గొంతుతో.

ఆయన వాడి రెండు చేతులూ తిప్పి చూశాడు. నాడెను కుడి చేత్తో తోసి ఎడమ చేత్తో పట్టుకుని చూపించాడు. మళ్లీ ఎడమతో తోసి కుడితో పట్టాడు. పనికి రెండూ కావాలి, మనిషికిచ్చేటప్పుడు మాత్రం కుడి అన్నాడు. "అమ్మమ్మ కూడా ఇంతే కదా," అన్నాడు చిన్నోడు నా వైపు తిరిగి. నేను దాన్ని మంచిదనలేదు, చెడ్డదనలేదు.

ఊళ్లో నడుస్తుంటే పిల్లల దండు వెంటపడింది. "ఒబ్రొని! ఒబ్రొని!" సముద్రం అవతల నుంచి వచ్చిన ఎవరినైనా అంటారు ఆ మాట. పెద్దదానికి రోషం వచ్చింది. "నేను తెల్లగా ఉన్నానా?" కిందటేడు పోచంపల్లి వెళ్తే పక్కింటి పిల్లలు దీన్ని ఆఫ్రికా పిల్ల అన్నారు. అప్పుడూ ఇదే మొహం. కాసేపటికి అదే తిరిగి "ఒబిబిని!" అని అరిచింది. నల్లవాళ్లనే అర్థం. స్కూల్లో ఎవరో నేర్పారు. నా గుండె జారింది. వాళ్లు మాత్రం పడీపడీ నవ్వి చేతులు పట్టుకున్నారు.

చాప్ బార్ అనే చిన్న హోటల్లో ఫుఫూ తిన్నాం, వేరుశనగ పులుసుతో. సంగటి ముద్దలాగే నమలకుండా మింగాలి. చిన్నోడు కుడి చేత్తో తిన్నాడు. చొక్కా మీద సగం పోసుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి కారెక్కుతుంటే వాడు ఆగాడు. "నాన్న ఊరు ఏ పక్క?"

మావారిది తెనాలి. నాది పోచంపల్లి. ఏ ఊరు ఎవరిదని మా ఇంట్లో రోజూ జరిగే యుద్ధమే. పొద్దు వాలుతున్న వైపుకు వీపు పెట్టి నిలబడమన్నాను. వాడు ఎడమ చెయ్యి ఎత్తబోయి, దింపి, కుడి చెయ్యి చాచాడు.

"మరి అమ్మ ఊరు?"

ఆయన నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. వాడి చెయ్యి కదపాల్సిన పని పడలేదు.