మేకు కొట్టకుండా కట్టుకున్న మెట్లు

ద్రాక్షారామం దగ్గర మా ఊళ్లో ఉన్నది మా నాన్నగారి తాతగారు కట్టించిన మండువా ఇల్లు. పైగదికి వెళ్లే చెక్క మెట్లు చూడ్డానికి నున్నగానే ఉండేవి. ఆ ఏడు దసరా సెలవుల్లో ఇత్తడి సామాను దించుదామని ఎక్కితే నాలుగో మెట్టు అప్పడంలా విరిగి, కాలు మోకాలిదాకా దిగిపోయింది. పైన రంగు పొర తప్ప లోపలంతా చెదలే తినేశాయి.

ఇనప మెట్లు పెట్టించెయ్యమని ఇంట్లో అందరూ అన్నారు. వెల్డింగుకి రెండు రోజులు చాలంట. నాకు మనసొప్పలేదు. పెరట్లో రేకుల కింద, కూలిపోయిన సావిడి దూలాలు అలాగే పడున్నాయి. రంగం టేకు, అంటే బర్మా టేకు, అని నాన్నగారు ఎప్పుడూ చెప్పేవారు. మనవాళ్లు పనుల కోసం ఓడెక్కి రంగం వెళ్లిన రోజుల్లో అక్కడి టేకు కూడా ఓడల్లోనే మన తీరానికి వచ్చేది. అంత కలప ఇంట్లో పెట్టుకుని ఇనుము కొనడం ఏమిటనిపించింది.

మా ఊరి వడ్రంగి బాబాయికి డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాయి. కుర్రతనంలో తాళ్లరేవులో చెక్క పడవల దగ్గర పనిచేశాడు. 1839 తుపానులో కోరంగి రేవు నాశనమైనా, పక్కనున్న తాళ్లరేవులో పడవలు కట్టే పని తర్వాత కూడా సాగింది. ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. నేను అడిగింది ఒక్కటే: "బాబాయ్, నువ్వు చెప్తూ ఉండు, నేనూ చేస్తాను." కాసేపు నా చేతుల వంక చూసి, "వేసవి సెలవులిచ్చాక చూద్దాం టీచరుగారూ. ఈ పని ఎండల్లోనే చెయ్యాలండి" అన్నాడు.

ఎండలెందుకో తర్వాత అర్థమైంది. చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండల్లో ఆరి ముడుచుకుంటుంది. వానల్లో బిగించిన అతుకు వేసవికి వదులైపోతుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో బిగించినది వానలొచ్చాక ఇంకా బిగుస్తుంది.

ముందు కోత మిల్లువాళ్లు దూలాలు పట్టుకెళ్తే వద్దన్నారు. పాత కర్రలో మేకు ఉంటే రంపం బ్లేడు తెగిపోతుందని వాళ్ల భయం. అది న్యాయమే. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి దూలాల పొడవునా అంగుళం అంగుళం వేలాడదీశాను. అది ఎక్కడ పక్కకి లాగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాను. ఇరవై మూడు మేకులు దొరికాయి. కొన్ని ఉలితో తవ్వితే గాని బయటికి రాలేదు. అన్నీ తీశాక మిల్లువాళ్లు కోసిచ్చారు. 16 అడుగుల పొడవు, రెండంగుళాల మందంతో పక్క పలకలు రెండు, మెట్లకి ఒకటిన్నర అంగుళం మందం పలకలు వచ్చాయి. పైన నల్లబడిన చెక్క లోపల తేనెరంగులో ఉంది. మిల్లంతా టేకు వాసన.

నాకు అన్నిటికంటే నచ్చింది కొలతల రోజు. బాబాయి టేపు ముట్టుకోలేదు. ఒక సన్నటి కర్రని కింద గచ్చు మీద నిలబెట్టి, పై గచ్చు మట్టానికి గాటు పెట్టాడు. కర్రని నేల మీద పడుకోబెట్టి, కంపాసు కాళ్లు తెరిచి దాని మీద అడుగులు వేయించాడు. పదిహేనో అడుగు గాటు దాటిపోయింది. కాళ్లు కొంచెం మూసి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గాటుకి చేరలేదు. నాలుగోసారి పదిహేనో అడుగు సరిగ్గా గాటులో పడింది. మెట్టుకి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తేడా వచ్చినా పదిహేను మెట్లకి దాదాపు రెండంగుళాలవుతుంది. ఆ తేడా అంతా పై మెట్టు మీద పడితే ఎక్కేవాళ్ల కాలు తడబడుతుంది. పదిహేనే ఎందుకంటే, "లాభం, నష్టం" అని లెక్కపెట్టుకుంటూ ఎక్కితే చివరి అడుగు లాభంలో పడాలి. మా నాయనమ్మ కూడా అలాగే లెక్కపెట్టేది.

తర్వాత నేను టేపు పెట్టి చూశాను. మొత్తం ఎత్తు 9 అడుగుల 4½ అంగుళాలు, మెట్టుకి 7½ అంగుళాలు. అడుగు పెట్టే వెడల్పు 10 అంగుళాలు అన్నాడు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు, వెడల్పు 250కి తగ్గకూడదు. మావి ఇంచుమించు అవే. 7½ ఎత్తు, 10 వెడల్పు ఉన్న మెట్టుకి ఏటవాలు కొలత 12½. నేను ఏటా పైథాగరస్ పాఠంలో బోర్డు మీద వేసే 3, 4, 5 త్రిభుజమే ఇది, రెండున్నర రెట్లు పెద్దది. బాబాయి పల్చటి చెక్కతో ఆ త్రిభుజాన్నే అచ్చుగా కోసి నా చేతికిచ్చినప్పుడు ఒళ్లు పులకరించింది.

ఆ అచ్చుని పలక పొడవునా జరుపుకుంటూ ఒక్కో మెట్టు గీత గీయాలి. మెట్టు పలక కొసలు పక్క పలకల్లోకి అరంగుళం లోతున దిగాలి కాబట్టి ఆ గీతల ప్రకారం గాళ్లు తొలచాలి. గాడి మెట్టు మందం కంటే కింది వైపు కాస్త వెడల్పుగా, ఏటవాలుగా ఉంటుంది. మెట్టు దూర్చాక ఆ ఖాళీలోకి, ఒక కొస సన్నగా ఒక కొస లావుగా ఉండే చెక్క చీలని వెనకనుంచి కొడతారు. మేకూ లేదు, ఫెవికాలూ లేదు.

పదిహేనులో మొదటి మెట్టు రాతి దిమ్మ, చివరి అడుగు పై గచ్చే కాబట్టి గాళ్లు పదమూడే. మొదటి పలకలో అవన్నీ ఇద్దరం కలిసి తొలిచాం. ఉలి పదును చూడాలంటే టేకు ముక్క అడ్డకోత మీద పెట్టి నెట్టమన్నాడు. పొడి రాలితే పదును లేనట్టు, పల్చటి పొర లేస్తే ఉన్నట్టు. గంటకొకసారి సానరాయి మీద పెట్టాల్సి వచ్చేది.

రెండో పలక రోజు బాబాయి పెళ్లికి వెళ్లాడు. ఆగలేక నేనే అచ్చు పెట్టి గీసేసి, సాయంత్రానికి రెండు గాళ్లు తొలిచేశాను. మర్నాడు ఆయనొచ్చి రెండు పలకలూ పక్కపక్కన నిలబెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "టీచరుగారూ, రెండూ ఎడమ పలకలే అయ్యాయండి" అన్నాడు.

గుండె జారిపోయింది. ఎడమ పలకకి కుడి పలక అద్దంలో బొమ్మలా ఉండాలి. నేను అచ్చు తిరగెయ్యకుండా మొదటిదాన్నే మళ్లీ గీశాను. ఆ పొడవు పలక ఇంకొకటి లేదు. రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి ఆయనే దారి చూపించాడు. పలకని బోర్లించి రెండో ముఖం మీద సరిగ్గా గీద్దాం, తప్పు గాళ్లు బయటి వైపుకి పోతాయి, అరంగుళం లోతే కాబట్టి బలం పోదు అన్నాడు. అదే దూలం ముక్క తీసి, చెక్క పోగులు ఒకే దిశలో ఉండేట్టు చూసి ఆ రెండు గాళ్లలో అతుకులు దిగ్గొట్టాడు. ఈసారి గీసే ముందు రెండు పలకల లోపలి ముఖాలు ఎదురెదురుగా పెట్టి, రెండింటి మీదా సుద్దతో గుర్తు పెట్టుకున్నాం. ఎవరైనా ఈ పని మొదలుపెడితే అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది అదే.

మిగతా పని తొందరగానే సాగింది. మూడు మెట్లకి మాత్రం కొసలు నాలుకలా చెక్కి పక్క పలకలోంచి అవతలికి వచ్చేలా దూర్చాం. నాలుకని చీల్చి ఆ చీలికలో చిన్న చీల కొడితే పక్క పలకలు విడిపోకుండా పట్టుకుంటుంది. చీల నెట్టే బలం పలక పోగు వెంట పోవాలి, అడ్డంగా నెడితే పలక పగులుతుంది. చెదల భయానికి పలకల మొదళ్లు నేల మీద ఆనకుండా నల్లరాతి దిమ్మ మీద నిలబెట్టాం. ఆ దిమ్మే మొదటి మెట్టు. పైన అవిసె నూనె మూడు పూతలు పూశాను. నూనె గుడ్డల్ని ఉండ చుట్టి పడెయ్యకూడదు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. దండెం మీద విప్పి ఆరేశాను.

బడి తెరిచే ముందు రోజు సాయంత్రం పని అయిపోయింది. వానాకాలమంతా మెట్లు రాయిలా ఉన్నాయి. మళ్లీ వేసవిలో, మే నెలలో, ఏడో మెట్టు కిర్రుమంది. కంగారుగా బాబాయికి ఫోన్ చేశాను.

"ఆయ్, అది ఎండకి ముడుచుకుందండి. కిందనుంచి చీల మీద ఒక్క దెబ్బ వెయ్యండి" అన్నాడు.

సుత్తి తీసుకుని మెట్ల కింద కూర్చుని చీల మీద కొట్టాను. రెండో దెబ్బకి టక్ టక్ మనే శబ్దం గట్టిపడి ఠంగుమంది. పైకి వెళ్లి ఏడో మెట్టు మీద నిలబడ్డాను. ఏ చప్పుడూ రాలేదు.