గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబంద

మా గుమ్మానికి దిష్టి తగలకుండా అత్తమ్మ ఒక కలబంద మొక్కని తలకిందులుగా కట్టింది. మట్టి లేదు, కుండీ లేదు, నీళ్ళు పోసేవాళ్ళు అసలే లేరు. ఎనిమిది నెలలైంది, ఆకులు కాస్త సన్నబడ్డాయి గానీ మొవ్వు మాత్రం వంపు తిరిగి పైకి లేస్తా ఉంది. సరిగ్గా దాని కిందే మెట్ల మీద నేను మూడొందల యాభై పెట్టి కొనుక్కొచ్చిన ఎచెవేరియా అనే మొక్క, గులాబిపువ్వు చెక్కినట్టు ఉండేది, పొద్దున లేవగానే దాని మొహం చూసి ఒక గ్లాసు నీళ్ళు పోసి అప్పుడు కాఫీ తాగేదాన్ని, అది మూడు వారాల్లో ఉడికిన వంకాయలా మెత్తబడిపోయింది. అత్తమ్మ చూసి "ఏందమ్మా, నువ్వు పెంచిందేమో చచ్చె, నేను ఉరేసిందేమో బతికె" అంది.

ఒంగోల్లో మా ఇంటి ముందు నాలుగు సెంట్ల ఖాళీ ఉంది, దక్షిణం వైపు, పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా ఎండే ఎండ. గులాబీలు, మల్లెలు ఎండిపోయాక ఈ సక్యులెంట్ల మీద, అంటే ఆకుల్లో, కాండాల్లో నీళ్ళు దాచుకునే మొక్కల మీద పడ్డాను. వీడియోల్లో అందరూ "ఫుల్ సన్‌లో పెట్టండి, చలికాలం మాత్రం లోపల పెట్టండి" అంటారు. వాళ్ళ భయం మంచు. మనకి మంచెక్కడిది, ఇంకేం ఈ మొక్కలకి ఒంగోలు స్వర్గమే అనుకున్నా. తర్వాత తెలిసింది, ఇవి పగలు ఆకుల్లో ఉన్న సన్న రంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయంట, నీళ్ళు ఆవిరైపోకుండా. ఎచెవేరియా పుట్టిల్లు మెక్సికో కొండలు, అక్కడ రాత్రిళ్ళు చల్లగా ఉంటాయి. మే నెలలో మనకి రాత్రి కూడా 30 డిగ్రీల దగ్గరుంటే అది ఎప్పుడు ఊపిరి తీసుకోవాలి పాపం? పైగా నేను రోజూ నీళ్ళు పోస్తున్నా.

ఎండ సంగతి అలా ఉంచితే అసలు ముప్పు కార్తీకంలో. మన వైపు గట్టి వానలు పడేది అక్టోబర్, నవంబర్లోనే, పైన తుఫాన్లు. మాది నల్లరేగడి, ఒకసారి తడిస్తే వారం దాకా నీళ్ళు వదలదు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కుండీలు ఎత్తి మెట్ల కింద పెట్టాను గానీ నేలలో ఉన్నవాటిని ఏం చేస్తాం, ఎడీనియం (ఎడారి గులాబి) దుంపలు నొక్కితే వేలు లోపలికి దిగింది, చేతికి కుళ్ళు వాసన.

అప్పుడు బుద్ధొచ్చి నేల మీద ఒకటిన్నర అడుగు ఎత్తు గట్టు కట్టించా. అడుగున ఇటుక ముక్కలు, పైన ఒక వంతు మట్టి, రెండు వంతులు గరుకు ఇసుక, కొంచెం వర్మీ కంపోస్ట్. పైన పరచడానికి షాపుల్లో తెల్ల గులకరాళ్ళు కిలో లెక్కన అమ్ముతారు, మనకెందుకండీ ఆ ఖర్చు, చీమకుర్తి పక్కనే ఉంటే? కోసి పారేసిన నల్ల గ్రానైట్ ముక్కలు ఒక ట్రాక్టర్ తెప్పించా, ఎండ పడితే అందులో బంగారు చుక్కలు మెరుస్తాయి. మధ్యలో మార్కాపురం పలకలు నాలుగైదు నిలబెట్టా. నల్లరాయి వేడి పట్టేస్తదని మా ఆయన అన్నాడు, నిజమే, అందుకే చిన్న మొక్కల మొదట్లో రాయి వేయకుండా ఇసుకే వదిలేశా.

ఇప్పుడు మధ్యలో పెద్ద కిత్తనార ఉంది, పసుపు అంచు రకం. పేరు తెలుగైనా అదీ మెక్సికోదే, మన ఊళ్ళల్లో చేల గట్ల మీద కంచెకి వేసి నార తీసేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆగి ఒక్కసారే స్తంభం లాంటి పూల కాడ వేసి చచ్చిపోతది, చుట్టూ పిలకలు వదిలి. ఆకు కొన సూదే, పిల్లలు తిరిగే వైపు కొనలు కత్తిరించా. వెనక బొమ్మజెముడు, మూడు పలకల కొమ్మలతో కొవ్వొత్తుల స్టాండు లాగా నిలబడింది, దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, కోసేటప్పుడు గ్లౌజులు, కళ్ళజోడు ఉండాల్సిందే. ఎడీనియం మళ్ళీ పెట్టా, ఈసారి దుంప సగం బయటికి కనపడేలా ఎత్తి నాటా, చలికాలం ఆకు రాలిస్తే నీళ్ళు బంద్. గోడ వారగా నల్లేరు పాకుతోంది, అది పచ్చడికి కూడా పనికొస్తది. నీడ పడే మూల స్నేక్ ప్లాంట్, ఇంగ్లీషువాళ్ళు దాన్ని అత్తగారి నాలుక అంటారని అత్తమ్మకి ఇంతవరకు చెప్పలేదు.

పిండినల్లి మాత్రం వదలడం లేదు, ఆకు సందుల్లో తెల్లగా దూది లాగా. సబ్బునీళ్ళలో కాస్త వేపనూనె కలిపి సాయంత్రం పూట కొడతా, ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

ఎచెవేరియా మళ్ళీ కొనలేదు. చచ్చినదాని ఆకు ఒకటి మెట్ల కింద ఇసుకలో పడి ఉంటే దానికే వేరు వచ్చి గోరంత పిల్ల మొలిచింది, దాన్ని అక్కడే ఉంచా, తూర్పు ఎండ గంట తగిలితే చాలు.

నిన్న గట్టు మీద చోటుంది కదా, గుమ్మం కలబందని దించి నాటుదామని స్టూలెక్కా. అత్తమ్మ లోపలి నుంచే కేకేసింది. "దాన్ని ముట్టుకోబాకు, నువ్వు నీళ్ళు పోసేస్తావు."