క్రియాటినిన్ అంకె ఒక్కటే చూస్తే సరిపోదు

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కిడ్నీల కోసం చేసే రక్తపరీక్షలో కనిపించే క్రియాటినిన్ పేరు వినని ఇల్లు లేదంటే నమ్మాలి. కవిటి, సోంపేట, కంచిలి ఎక్కడికెళ్లినా జీడితోటల్లో పనిచేసేవాళ్లు కూడా "నాకు రెండున్నర, మా బావకి నాలుగు" అని చెప్పుకుంటారు. ఆ అంకె ఏం చెప్తుందో మాత్రం వాళ్లకి కూర్చోబెట్టి చెప్పినవాళ్లు తక్కువ. నాకు బాధగా ఉండేది అదే.

మొన్న మా పెద్దమ్మ రిపోర్టు తెచ్చింది. వయసు 68, క్రియాటినిన్ 1.2. "కొంచెమే కదా, బాగానే ఉన్నట్టేనేటి?" అంది. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని వడగట్టి మూత్రంలో పంపేస్తాయి. వడపోత తగ్గితే రక్తంలో పేరుకుంటుంది. కానీ పెద్దమ్మలా బక్కపలచగా, కండ తక్కువగా ఉన్నవాళ్లలో అసలు తయారయ్యేదే తక్కువ. అందుకే పక్కనే ఉండే ఈజీఎఫ్ఆర్ కూడా చూడాలి. వయసు, ఆడా మగా కూడా లెక్కలోకి తీసుకుని వడపోత ఎంత జరుగుతోందో చెప్పే అంచనా అది. పెద్దమ్మకి 49 ఉంది. 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా లెక్కేస్తారు.

ఆమె భయపడలేదు, ఎదురు ప్రశ్నలు వేసింది. మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ మాత్రలు కిడ్నీలకి చేటని చెప్తే వెంటనే పక్కన పెట్టేసింది. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష చేయించాలా అని డాక్టరుగారిని అడగడానికి సోమవారం వెళ్తున్నాం.