ఎర్రగడ్డి మైదానంలో ఒక దీవి

ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని వల్లె వేసి తెలుగు పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మనమంతా. ఆ ఉపమాలంకారం, అంటే పోలిక, ఒక కథను ఎలా నడిపిస్తుందో నాకు తెలిసింది మాత్రం డిగ్రీ ఆఖరి సంవత్సరంలో, మా ఇంగ్లీషు మాస్టారు అమెరికన్ రచయిత్రి విల్లా కేథర్ నవల ‘మై ఆంటోనియా’ చెప్పినప్పుడు.

1918లో వచ్చిన నవల అది. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పదేళ్ల జిమ్ బర్డెన్ వర్జీనియా నుంచి నెబ్రాస్కాలో ఉన్న తాతగారింటికి వస్తాడు. 1883లో కేథర్ కుటుంబం వలస వెళ్లిన దారీ అదే. బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) నుంచి వచ్చిన ఆంటోనియా కుటుంబం అదే రైల్లో దిగుతుంది.

మాస్టారు కథాసంగ్రహం చెప్పేవారు కాదు. పోలిక కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టుకుని రమ్మనేవారు. తరగతిలో మాత్రం ఒకటే ప్రశ్న: “ఈ పోలిక ఎవరిది నాయనా?”

నెబ్రాస్కా నేలనంతా కప్పిన ఎర్రగడ్డిని కథకుడు జిమ్ సముద్రంతో పోలుస్తాడు. దాని రంగు ద్రాక్షసారా మరకలా ఉందంటాడు. గాలికి ఊగే గడ్డిని చూస్తే నేలంతా పరుగెడుతున్నట్టు ఉందనీ అంటాడు. పరుగు పిల్లవాడు చూసింది. ద్రాక్షసారా మరక, పెద్దవాడై న్యూయార్కులో రైల్వే సంస్థకు లాయరుగా ఉంటూ ఇదంతా రాస్తున్న జిమ్‌ది. ఒకే పేరాలో ఇద్దరూ మాట్లాడుతుంటారు. ఆ ఇద్దరి మధ్య దూరమే అతని ఎదుగుదల అని నాకు అప్పుడు అర్థమైంది.

ఆంటోనియా ఇంగ్లీషు నేర్చుకునే ఘట్టం నాకు ప్రాణం. గాలి తగలకుండా పొడవాటి గడ్డిలో గూడులా చేసుకుని కూర్చుంటారు పిల్లలు. ఆమె జిమ్ కళ్లను చూపిస్తుంది, ఆకాశాన్ని చూపిస్తుంది, మళ్లీ కళ్లను చూపిస్తుంది. రెండింటికీ ఉన్న నీలిరంగు పేరు ఆమెకు కావాలి. చేతిలో ఇంకా నాలుగు ఇంగ్లీషు మాటలు లేని పిల్ల అప్పటికే ఉపమ కట్టేసింది!

ఆ చలికాలమే ఆమె తండ్రి, స్వదేశం మీద బెంగతో కుంగిపోయిన ఫిడేలు వాద్యకారుడు, ఆత్మహత్య చేసుకుంటాడు. శ్మశానంలో చోటివ్వరు. పొలం మూలన, ముందుముందు రెండు దారులు కలవబోయే చోట పాతిపెడతారు. ఏళ్లు గడిచాక మైదానమంతా దున్నేశారు, రోడ్లు పడ్డాయి. ఆ రోడ్లు సమాధి దగ్గర కొంచెం ఒంగి, పక్కగా సాగిపోతాయి. ఎన్నడూ కోయని ఎర్రగడ్డితో అది చిన్న దీవిలా మిగిలిందంటుంది కేథర్. మొదట సముద్రం, ఇప్పుడు దీవి! సముద్రం ఎప్పుడు ఇంకిపోయిందో రచయిత్రి విడిగా చెప్పదు. ఆ ఒక్క పోలికతో ఒక సీమ చరిత్రంతా తెలిసిపోతుంది.

అస్తమించే సూర్యబింబంలో నల్లగా నిలిచిన నాగలి దృశ్యాన్నే విమర్శకులు ఎక్కువగా పొగుడుతారు. గొప్పదే, కాదనను. కానీ నా ఓటు ఆ దీవికే.

పెన్సిలు గీతలున్న ఆ ప్రతి నా దగ్గర భద్రంగా ఉంది. ఇప్పుడు మన కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న పిల్లలకు కావాలంటే సంతోషంగా ఇస్తాను. మాస్టారి ప్రశ్న మొదటి పేజీ మీదే రాసి ఉంది.